ఆరోగ్య సంజీవని పాలసీ: ఏడాదిన్నర వాడాక నా రివ్యూ, ఈఎస్ఐ పోయినవాళ్ళు తప్పకుండా చదవండి

ముందే చెప్తున్నా, ఇది కొంచెం పెద్దగా ఉంటుంది, ఎందుకంటే ఈ పాలసీ కొనేముందు నేను వెతికితే తెలుగులో ఒక్కరూ బిల్లు లెక్కతో సహా రాసింది కనపడలేదు, అందరూ "మంచి పాలసీ, తీసుకోండి" అని నాలుగు లైన్లు రాసి కింద ఫోన్ నంబర్ పెట్టేవాళ్ళే. నేను ఏజెంట్ని కాదు. చర్లపల్లిలో ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్లో అకౌంట్స్ చూస్తాను, మా ఆయన ఏసీ మెకానిక్, సొంతంగా చేస్కుంటారు, ఇద్దరు పిల్లలు. మా కంపెనీలో ప్రతి నెలా ఈఎస్ఐ (తక్కువ జీతాలవాళ్ళకి, జీతంలో కొంత కట్ చేసి ఇచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) చలానా కట్టేది కూడా నేనే.

అసలు ఈ పాలసీ ఎందుకు కొనాల్సి వచ్చిందో చెప్తేనే రివ్యూ అర్థమవుతుంది. 2023 జూలైలో మా సార్ నాకు జీతం 20,500 నుంచి 22,000 చేశారు. చాలా సంతోషమేసింది, ఇంటికి స్వీట్ పట్టుకెళ్ళాను కూడా. కానీ ఈఎస్ఐ లిమిట్ నెలకి 21,000, 2017 జనవరి నుంచి అదే ఉంది, అప్పటినుంచి అద్దెలు ఎంత పెరిగాయి స్కూల్ ఫీజులు ఎంత పెరిగాయి అందరికీ తెలుసు, లిమిట్ మాత్రం కదల్లేదు. దాటగానే అదే రోజు తీసేయరు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒక పీరియడ్, అక్టోబర్ నుంచి మార్చి ఒక పీరియడ్, ఆ పీరియడ్ అయ్యేదాకా కట్టాలి. అంటే నాకు సెప్టెంబర్‌తో అయిపోయింది. అక్టోబర్ నెల చలానా చేసేటప్పుడు లిస్టులో నా పేరు ఎదురుగా "కవరేజ్ లేదు" అని నేనే సెలెక్ట్ చేయాలి. ఎంతమందికి చేశానో అలా, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు, నా పేరు దగ్గరకొచ్చేసరికి మౌస్ పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

ఎందుకంటే మా చిన్నదాన్ని కన్నది నాచారం ఈఎస్ఐలోనే. 26 వారాలు జీతం డబ్బులు కూడా వచ్చాయి. నా జీతంలో కట్ అయ్యేది 0.75 శాతం అంటే 20,500 కి 154 రూపాయలు, కంపెనీ 3.25 శాతం అంటే ఇంకో 667. నెలకి నా జేబులోంచి 154 కి నేను, ఆయన, పిల్లలు అందరం కవర్. లైన్లో నిలబడాలి నిజమే, పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం అవుతుంది నిజమే, కానీ బిల్లు అనేది ఉండదు. అది పోయాక తెలుస్తుంది దాని విలువ.

సరే ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. తెలంగాణలో దానికి రేషన్ కార్డు కావాలి, సిటీలో కార్డుకి ఆదాయం లిమిట్ ఏడాదికి 2 లక్షలు. 21,000 ని 12 తో గుణించండి, 2,52,000. అంటే ఈఎస్ఐ పోయే జీతం వచ్చేసరికి మనం ఆ లిమిట్ ఎప్పుడో దాటేసి ఉంటాం. ఇక్కడ ఆరోగ్యశ్రీ 10 లక్షలకి పెంచారు 2023 డిసెంబర్లో, చాలా మంచి పని, కానీ కార్డు లేనివాడికి 5 లక్షలైనా 10 లక్షలైనా ఒకటే. మాది తెనాలి, మా అన్నయ్య అక్కడే ఉంటాడు, ఆంధ్రాలో ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి కూడా కార్డు ఇచ్చారు కాబట్టి వాడికి ఉంది, వాడూ నేనూ దాదాపు ఒకటే సంపాదిస్తాం. మా అత్తయ్యకి 72, 70 దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్నారు, ఆవిడకి తీసుకున్నాం. మా మరిది సాఫ్ట్‌వేర్, వాళ్ళ ఆఫీస్ పాలసీ ఉంది (అది కూడా ఉద్యోగం పోయిన రోజే పోతుంది, పోయినేడాది వాడి ఫ్రెండుకి అలాగే అయ్యింది). ఇంట్లో అందరికీ ఏదో ఒకటి ఉంది, రోజూ పనికెళ్ళి ఇల్లు నడిపే మా ఇద్దరికే ఏమీ లేదు. నీతి ఆయోగ్ 2021 లో ఒక రిపోర్ట్ ఇచ్చింది, దేశంలో 30 శాతం మంది, దగ్గర దగ్గర 40 కోట్ల మందికి ఏ ఆరోగ్య బీమా రక్షణా లేదని, వీళ్ళకి మిస్సింగ్ మిడిల్ అని పేరు పెట్టారు. చదివినప్పుడు అదేదో ఢిల్లీ లెక్క అనుకున్నా, తర్వాత మా షాపు ఫ్లోర్ మీద చూస్తే సగం మంది వాళ్ళే.

ఇక పాలసీ సంగతికి వద్దాం.

ఆరోగ్య సంజీవని అనేది ఒక కంపెనీది కాదు. ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీలకి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ) 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ ఇదే పేరుతో ఇవే రూల్స్‌తో అమ్మాలని పెట్టిన స్టాండర్డ్ పాలసీ. ఇది నాకు అన్నిటికంటే నచ్చింది. మామూలు పాలసీలు పోల్చి చూడాలంటే ఒక్కోదానికి వంద షరతులు, చదివి చదివి తలనొప్పి. ఇది ఎక్కడ కొన్నా లోపల సరుకు ఒకటే, ప్రీమియం, సర్వీస్ మాత్రమే తేడా. నేను మూడు కంపెనీల రేట్లు రాసుకుని చూశాను, అదే 5 లక్షలు అవే వయసులు, రేటు మాత్రం ముగ్గురిదీ మూడు రకాలు. కాబట్టి మొదటి మాట, ఎవరో చెప్పారని ఒకచోటే కొనకండి, కనీసం నాలుగు చోట్ల అడగండి.

మేము 2024 మేలో నలుగురికీ కలిపి 5 లక్షల ఫ్లోటర్ తీసుకున్నాం, అప్పటి జీఎస్టీతో కలిపి 14,600 పడింది. లెక్క చూడండి, నాకు పెరిగిన జీతం ఏడాదికి 18,000, అందులో 14,600 దీనికే పోయింది. నెల నెలా కట్టుకునే వాయిదా కూడా ఉంది, ఒకేసారి కట్టలేనివాళ్ళు అడగండి. ఇంకో మంచి మాట, 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా కొనుక్కునే హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. కోట్ అడిగినప్పుడు ఈ తేడా కనపడాలి, కనపడకపోతే అడగండి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఈఎస్ఐ కంట్రిబ్యూషన్ సెప్టెంబర్ 2023 తో ఆగినా, దాని బెనిఫిట్ 2024 జూన్ దాకా ఉంది. అంటే తొమ్మిది నెలలు టైమ్ ఉంది నాకు. అక్టోబర్లోనే ఈ పాలసీ కొని ఉంటే వెయిటింగ్ పీరియడ్లు (కొన్ని జబ్బులకి డబ్బు రాకుండా ఆగాల్సిన నెలలు) అప్పటినుంచే లెక్క మొదలయ్యేవి, ఇంకా అటుపక్క ఈఎస్ఐ నడుస్తూనే ఉండేది. నేను చూద్దాం చూద్దాం అనుకుంటూ మే దాకా లాగాను, ఆ ఏడు నెలల ఆలస్యం ఇప్పుడు నన్ను ఇబ్బంది పెడుతోంది, కింద చెప్తాను. మీ జీతం 21,000 దాటబోతోంది అని తెలిసిన నెలలోనే పాలసీ తీసుకోండి దయచేసి.

కొనేటప్పుడు ఇంకో విషయం. మా ఆయనకి బీపీ ఉంది, రోజూ ఒక మాత్ర వేసుకుంటారు. ఏజెంట్ "అవన్నీ ఎందుకు మేడం రాయడం, ప్రీమియం పెరుగుతుంది, చిన్న బీపీయే కదా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఫారంలో మాత్ర పేరుతో సహా రాయించాను. కంపెనీ నుంచి డాక్టర్ ఫోన్ చేసి పది నిమిషాలు ప్రశ్నలు అడిగారు అంతే, పాలసీ ఇచ్చారు. ముందునుంచీ ఉన్న జబ్బుకి వెయిటింగ్ ఉంటుంది, గరిష్టంగా 48 నెలలు ఉండేది, 2024 లో రూల్ మార్చి 36 కి తగ్గించారు. అది భరించొచ్చు, కానీ దాచిపెట్టి తర్వాత దొరికితే మొత్తం పాలసీకే ఎసరు. అయిదేళ్ళు గ్యాప్ లేకుండా కట్టాక, మోసం రుజువు చేస్తే తప్ప, చెప్పలేదు అనే కారణంతో క్లెయిమ్ ఆపకూడదు అని ఇప్పుడు రూల్ ఉంది, ముందు ఎనిమిదేళ్ళు ఉండేది. ఆ అయిదేళ్ళు భయం భయంగా ఎందుకు బతకాలి, నిజం రాసేస్తే పోయేదానికి.

ఇప్పుడు అసలు పరీక్ష. 2024 సెప్టెంబర్లో మా ఆయనకి డెంగీ వచ్చింది. మా కాలనీలో ఆ నెల ఇంటికొకరికి జ్వరమే. ఇల్లు సర్దేలోపు ప్లేట్‌లెట్స్ 38 వేలకి పడిపోయాయి, దగ్గర్లో క్యాష్‌లెస్ (బిల్లు బీమా కంపెనీయే నేరుగా హాస్పిటల్‌కి కట్టేది) ఉన్న ఒక హాస్పిటల్లో చేర్చాం, పేరు రాయను. షేరింగ్ బెడ్లు అన్నీ నిండిపోయాయి, సింగిల్ రూమ్ ఉంది రోజుకి 7,500 అన్నారు. ఆయన ఒళ్ళు కాలిపోతోంది, పక్కన చిన్నది ఏడుస్తోంది, నేను సంతకం పెట్టేశాను. ఇన్సూరెన్స్ డెస్క్‌లో అమ్మాయి "5 లక్షలు ఉంది కదా మేడం, ఏం పర్లేదు" అంది.

పర్లేదు కాదు. ఈ పాలసీలో రూమ్ రెంట్ సమ్ ఇన్సూర్డ్‌లో (అంటే పాలసీ మొత్తం, మాకు 5 లక్షలు) 2 శాతం, కానీ ఎంతున్నా రోజుకి 5,000 మించదు. ఐసీయూ 5 శాతం, 10,000 మించదు. రూమ్ ఎక్కువది తీసుకుంటే పైన 2,500 మనం కట్టుకుంటే సరిపోదు, డాక్టర్ విజిట్లు ప్రొసీజర్లు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు, దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. 7,500 కి 5,000 అంటే మూడింట రెండొంతులే ఇస్తారు, మూడో వంతు మనది.

బిల్లు ఇదీ, ఇప్పటికీ ఫైల్లో ఉంది. రూమ్ అయిదు రోజులకి 37,500. డాక్టర్ విజిట్లు అవీ ఇవీ 15,000. రోజుకి రెండుసార్లు రక్తం తీసి టెస్టులు, ల్యాబ్ 14,500. మందులు, సెలైన్లు 16,000. గ్లౌజులు, రిజిస్ట్రేషన్, ఫైల్ ఛార్జి లాంటి బీమాలో రానివి 4,200. మొత్తం 87,200. డిశ్చార్జ్ అని పొద్దున 11 కి చెప్పారు. 2024 మేలో ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం డిశ్చార్జ్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలి, చేర్చేటప్పుడు క్యాష్‌లెస్ గంటలో తేల్చాలి. మాకు అప్రూవల్ వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. మధ్యలో బీపీ ఎప్పటినుంచి ఉంది, ఫారంలో రాశారా అని ఒక క్వెరీ వేశారు. పాలసీ కాగితంలో ఉంది కాబట్టి అయిదు నిమిషాల్లో సమాధానం ఇచ్చాను, ఏజెంట్ మాట విని ఉంటే అక్కడే ఆగిపోయేది క్లెయిమ్. ఆ ఏడున్నర గంటలు బిల్లింగ్ కౌంటర్ ముందు స్టీలు కుర్చీలో కూర్చున్నాను, నా పక్కన ఒక పెద్దావిడ కొంగు ముడిలోంచి డబ్బులు తీసి మూడుసార్లు లెక్కపెట్టుకుంది, వాళ్ళకి ఏ పాలసీ లేదంట, కొడుకు క్యాబ్ నడుపుతాడంట. ఆవిడ బిల్లు మా బిల్లు కన్నా తక్కువే.

అప్రూవల్ వచ్చింది 52,567 కి. అంటే 34,633 మేము కట్టాలి. చిట్టీ డబ్బులు ఉన్నాయి కాబట్టి కట్టి ఇంటికొచ్చాం. కానీ నాకు లెక్క కుదరలేదు. పిల్లలు పడుకున్నాక సెటిల్‌మెంట్ కాగితం, పాలసీ కాగితం, కాలిక్యులేటర్ ముందు పెట్టుకుని కూర్చున్నా. వాళ్ళు మూడో వంతు కోత మందుల మీద, ల్యాబ్ మీద కూడా వేశారు. అది తప్పు. మందులు, కన్స్యూమబుల్స్, ఇంప్లాంట్లు, టెస్టులు ఈ కోతలోకి రావని రూల్‌లోనే ఉంది, ఎందుకంటే రూమ్ ఏదైనా మాత్ర ధర మాత్రదే కదా. 30,500 మీద మూడో వంతు కోసేసి, తర్వాత అయిదు శాతం కో-పే (క్లెయిమ్‌లో మనం పెట్టుకోవాల్సిన వాటా) తీస్తే 9,658 రూపాయలు మాకు తక్కువిచ్చారు.

కంపెనీ గ్రీవెన్స్ మెయిల్‌కి ఈ లెక్క మొత్తం రాసి, పాలసీలో ఆ క్లాజు ఫోటో తీసి పంపాను. మొదటి రిప్లై "మీ క్లెయిమ్ షరతుల ప్రకారం సెటిల్ అయింది" అని కాపీ పేస్ట్. మళ్ళీ రాశాను, ఈసారి ఐఆర్‌డీఏఐ వాళ్ళ ఫిర్యాదుల సైట్ బీమా భరోసా పోర్టల్లో కూడా ఫిర్యాదు పెట్టాను, తేలకపోతే హైదరాబాద్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా గొడవలు తేల్చే అధికారి) దగ్గరకి వెళ్తాను అని రాశాను. అక్కడ ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ ఆఫీసు కిందికే వస్తాయి. పోర్టల్లో పెట్టాక పద్దెనిమిది రోజులకి 9,658 అకౌంట్లో పడింది. క్షమాపణ లాంటిదేమీ లేదు, డబ్బు మాత్రం వచ్చింది.

అంటే చివరికి 87,200 లో 62,225 కంపెనీ ఇచ్చింది, 24,975 మాది. ఆ పాతికవేలలో రూమ్ ఎక్కువ తీసుకున్నందుకు పోయినవే 17,500. కో-పే 3,275. షేరింగ్ రూమ్ దొరికి ఉంటే ఏడెనిమిది వేలతో బయటపడేవాళ్ళం. అందుకే ఈ పాలసీ ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, హాస్పిటల్లో ముందు అడగాల్సింది "5,000 లోపు రూమ్ ఏది" అని, లేదంటే వేరే హాస్పిటల్ చూడండి, ఎమర్జెన్సీ అయితే చేరిపోయి మర్నాడు మారండి.

నచ్చనివి సూటిగా చెప్తా. ప్రతి క్లెయిమ్‌లో అయిదు శాతం మనం పెట్టాలి, పాతికేళ్ళవాళ్ళకి కూడా, ఇది అన్యాయం అనిపిస్తుంది నాకు. హైదరాబాద్‌లో 5,000 రూమ్ లిమిట్ ఇప్పుడు చాలట్లేదు, 2020 లో సరిపోయిందేమో. కాన్పు ఖర్చు అస్సలు రాదు, ఈఎస్ఐలో కాన్పు చేయించుకున్నదాన్ని కాబట్టి కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఈ మాట గట్టిగా చెప్తున్నా. కంటి శుక్లానికి కంటికి 40,000 లేదా సమ్ ఇన్సూర్డ్‌లో పావు, ఏది తక్కువైతే అది. అంబులెన్స్ 2,000. మొదటి నెల యాక్సిడెంట్ తప్ప ఏదీ రాదు. హెర్నియా, పైల్స్, గాల్ బ్లాడర్ రాళ్ళు లాంటివాటికి 24 నెలలు ఆగాలి.

ఆ చివరిదే నాకు తగిలింది. పోయిన నవంబర్లో కడుపునొప్పి వస్తే స్కాన్ తీశారు, గాల్ బ్లాడర్లో రాయి. ఆపరేషన్ చేయించుకోవాలి కానీ అర్జెంట్ కాదు అన్నారు. నా 24 నెలలు 2026 మేకి పూర్తవుతాయి. 2023 అక్టోబర్లో కొని ఉంటే ఆ స్కాన్ తీసిన నెలకే అయిపోయేవి. ఏజెంట్ "అన్నీ కవర్ అవుతాయ్ మేడం" అన్నాడు, ఈ లిస్టు చూపించలేదు, కానీ కాగితంలో ఉంది, నేను చదవలేదు, కంపెనీని ఈ విషయంలో తప్పుపట్టను. పాలసీ వచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇవ్వచ్చు, ఆ నెలలో కూర్చుని మొత్తం చదవండి. ఇప్పుడు నూనె మానేసి, పప్పులో తాలింపు కూడా ఒక చుక్కతో కానిస్తూ మే కోసం చూస్తున్నా.

మంచివి కూడా చెప్పాలి. క్లెయిమ్ లేని ఏడాదికి 5 శాతం సమ్ ఇన్సూర్డ్ పెరుగుతుంది, 50 శాతం దాకా. చేరడానికి 30 రోజుల ముందు, డిశ్చార్జ్ అయ్యాక 60 రోజుల ఖర్చులు వస్తాయి, డెంగీ తర్వాత రెండు వారాలు చేసిన టెస్టుల బిల్లులు పంపితే గొడవ లేకుండా ఇచ్చారు. కంపెనీ నచ్చకపోతే రెన్యువల్‌కి 45 రోజుల ముందే వేరే కంపెనీకి పోర్ట్ పెట్టుకోవచ్చు, గడిచిన వెయిటింగ్ వేస్ట్ అవ్వదు. నేను మేలో ఆపరేషన్ అయ్యాక వచ్చే ఏడాది అదే చేస్తాను.

నా రేటింగ్ 5 కి 3. పాలసీకి మూడున్నర ఇచ్చేదాన్ని, ఆ సెటిల్‌మెంట్ కోత వల్ల అర తగ్గించాను. ఈఎస్ఐ పోయి, కార్డు లేక, ఆఫీస్ పాలసీ లేనివాళ్ళు తప్పకుండా తీసుకోండి, ఏమీ లేకుండా ఒక్క నెల కూడా ఉండొద్దు.

ఒక్కరికి మాత్రం దీన్ని తీసుకోమని చెప్పలేకపోయాను. మా దగ్గర ఒక మెషీన్ ఆపరేటర్ ఉన్నాడు, మంచి పనివాడు, పోయిన ఇంక్రిమెంట్ లిస్టులో సార్ అతనికి 22,500 రాశారు. సాయంత్రం షిఫ్ట్ అయ్యాక చేతులు తుడుచుకుంటూ నా టేబుల్ దగ్గరకొచ్చి "మేడం, నాకు పెంచొద్దు, 20,900 దగ్గరే ఆపండి, మిగతాది ఓటీలో చూసుకుంటా" అన్నాడు. ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు ఈఎస్ఐ లిమిట్ లెక్కలోకి రావు, ఆ సంగతి ఎక్కడో తెలుసుకున్నాడు. వాళ్ళ నాన్నకి వారానికి రెండు డయాలసిస్‌లు, కొడుకు ఈఎస్ఐ మీదే నడుస్తోంది. నేను అతని కోసం రెండు కంపెనీలకి ఫోన్ చేశాను, ఒకరు డయాలసిస్ అనగానే కుదరదన్నారు, ఇంకొకరు వెనక్కి చేయలేదు. ఒకవేళ ఇచ్చినా ముందునుంచీ ఉన్న జబ్బుకి వెయిటింగ్ ఉంటుంది, మూడేళ్ళు ఎవరు ఆగుతారు. సార్‌తో మాట్లాడి 20,900 కే ఆపించాను. వచ్చే ఏప్రిల్ లిస్టు తయారవుతోంది, నిన్న మళ్ళీ వచ్చి గుర్తుచేసి వెళ్ళాడు.